కప్పే ముందు చూడండి

మీ ఇంట్లో కిటికీ ఉందా? ఉంటే లోపలివైపు, దాని అడుగున చూడండి. గోడ మందంలో కొంత జాగా మిగిలి ఉంటుంది. అక్కడ దువ్వెన పెడతాం. అగ్గిపెట్టె పెడతాం. పిల్లల పలక పెడతాం. ఇప్పుడు మన పుస్తకం కూడా పెడుతున్నాం.

ఈ జాగాను ఒక్కో ఊళ్లో ఒక్కో మాటతో పిలుస్తారు. మనం ఇక్కడ కిటికీ గట్టు అందాం.

ఇల్లు బాగుచేయించేటప్పుడు అందరం గోడలు చూస్తాం. కప్పు చూస్తాం. గట్టును ఎవరూ పట్టించుకోరు. చివర్లో మేస్త్రి వచ్చి, "ఒక బండ పరిచేస్తే పోతుందిలేమ్మా" అంటాడు. మనమూ సరే అంటాం. నిజంగా పోతుందా? ఒక ఇంటి సంగతి చెప్పుకుందాం.

ఆ ఇంటి కిటికీ

కడప వైపు ఒక పల్లె. అక్కడొక పాత మిద్దె. రాతి గోడలు. రాళ్ల మధ్య మట్టి పెట్టి కట్టినవి. గోడ మందం అడుగున్నర. ఇంట్లో అత్త, కొడుకు, కోడలు ఉంటారు. రెండేళ్ల మనవరాలు ఉంది. కోడలికి ఇప్పుడు ఐదో నెల.

వాళ్ల కిటికీ గట్టు పాడైపోయింది. పెచ్చులు ఊడాయి. గోడకు తెల్లటి పొడి పట్టింది. చట్రం అడుగు చెక్క నల్లబడింది. మూడేళ్ల కిందట ఒకసారి దాని మీద సిమెంటు పూశారు. ఏడాదికే పగిలింది. తర్వాత రెగ్జిను గుడ్డ పరిచారు. గుడ్డ కింద బూజు పట్టింది. వాసన వచ్చింది.

ఈసారి అత్త పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. ఇంటికి సున్నం వేయించాలి. తలుపులు బాగుచేయించాలి. గట్టు మీద నల్ల బండ పరిపించాలి.

మేస్త్రి వచ్చాడు. గట్టు చూశాడు. "బండ తెప్పించమ్మా, ఒక పూటలో పరిచేస్తా" అన్నాడు.

"రెండుసార్లు కప్పాం నాయనా. రెండుసార్లూ పాడైంది. మూడోసారి మాత్రం ఎందుకు నిలుస్తుంది?" అని అడిగింది అత్త.

మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక చెంబెడు నీళ్లు తెప్పించు" అన్నాడు.

చెంబెడు నీళ్ల పరీక్ష

మేస్త్రి బయటికి వెళ్లాడు. కిటికీ బయటి గట్టు మీద మెల్లగా నీళ్లు పోశాడు. అత్త లోపల నిలబడి చూసింది.

నీళ్లు బయటికి జారాలి. కానీ జారలేదు. చట్రం వైపు వచ్చి నిలిచాయి. కాసేపటికి చట్రం కింద సందులో నుంచి లోపలికి ఊరాయి. లోపలి గట్టు తడిసింది.

"చూశావా అమ్మా? బయటి గట్టు లోపలికి వాలి ఉంది. వాన నీళ్లన్నీ నీ ఇంట్లోకే వస్తున్నాయి" అన్నాడు మేస్త్రి.

ఇప్పుడు అర్థమైంది. రోగం లోపలి గట్టుది కాదు. బయట నుంచి వచ్చే నీళ్లది. లోపల ఏం పరిచినా నీళ్లు దాని కింద చేరతాయి. పైకి కనబడవు. అంతే తేడా.

ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. ఖర్చు చెంబెడు నీళ్లు. ఒకరు బయట పోయాలి. ఒకరు లోపల చూడాలి.

ఇంకో మూడు పరీక్షలు

మొదటిది, తట్టి చూడడం. రూపాయి బిళ్లతో గట్టు మీద తట్టండి. గట్టి శబ్దం వస్తే లోపల బాగుంది. డొల్ల శబ్దం వస్తే పూత గోడను వదిలేసింది. వదిలిన పూతను తీసేయాలి. దాని మీద మళ్లీ పూస్తే రెండూ కలిసి ఊడతాయి.

రెండోది, గుచ్చి చూడడం. చట్రం అడుగు చెక్కను మేకుతో గుచ్చండి. మేకు దిగకపోతే చెక్క గట్టిది. మెత్తగా దిగిపోతే చెక్క పుచ్చింది. పుచ్చిన మేర కోయించి కొత్త ముక్క వేయించాలి. మట్టి గొట్టాల లాంటి దారులు కనబడితే అవి చెదలు. చెదలకు ముందు మందు వేయించాలి. ఆ మందు విషం. అది తెలిసినవాళ్ల చేతనే వేయించాలి. మిగిలిన మందును ఎప్పుడూ గట్టు మీద పెట్టకూడదు.

మూడోది, చెమ్మ చూడడం. జానెడు ప్లాస్టిక్ కాగితం తీసుకోండి. గట్టు మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అతికించండి. రెండు రోజులు ఉంచండి. తీసి చూడండి. కాగితం అడుగున నీటి బొట్లు ఉంటే గోడలో ఇంకా చెమ్మ ఉంది. అప్పుడు బండ పరచకూడదు. రంగు వేయకూడదు.

ముందు నీళ్లను ఆపాలి

మేస్త్రి ముందు బయటి పని చేశాడు. బయటి గట్టు మీది పాత పూత తీసేశాడు. మళ్లీ కొత్తగా వాలు పెట్టాడు. ఈసారి వాలు బయటికి. చట్రం దగ్గర ఎత్తు. అంచు దగ్గర పల్లం. అరంగుళం వాలు సరిపోయింది.

బయటి గట్టు అంచు గోడ కంటే కొంచెం ముందుకు ఉండాలి. ఆ అంచు అడుగున ఒక గాడి కొట్టాలి. గాడి ఎందుకు? నీళ్లు అంచు దాకా వచ్చి, అడుగు భాగాన్ని పట్టుకుని మళ్లీ గోడ మీదికి పాకుతాయి. గాడి ఉంటే అక్కడ ఆగి కింద పడతాయి. చిన్న గాడే. కానీ గోడను కాపాడుతుంది.

తర్వాత చట్రానికీ గోడకూ మధ్య ఉన్న సందులు మూశాడు. కిటికీ పైన సన్‌షేడు పగిలి ఉంటే దాన్నీ బాగుచేయాలి.

పని అయ్యాక మళ్లీ చెంబెడు నీళ్లు పోశారు. నీళ్లు బయటికి జారిపోయాయి.

"ఇంక బండ పరుస్తావా?" అంది అత్త.

"గోడ ఆరనీ అమ్మా" అన్నాడు మేస్త్రి.

అడుగున్నర గోడ ఒక రోజులో ఆరదు. ఎండాకాలంలో కూడా వారాలు పడుతుంది. అందుకే ఈ పని వానలు పోయాక మొదలుపెట్టాలి. ఎండాకాలం ఇంకా మంచిది.

పొడిగా గీకవద్దు

గోడ ఆరుతోంది. కోడలు ఊరికే కూర్చోలేదు. పాత రంగు గీకేద్దామని కత్తి తీసుకుంది. కిటికీ చట్రానికి ఎప్పుడో నాన్న కాలంలో వేసిన నీలం ఆయిల్ రంగు ఉంది. కోడలు గీకుతుంటే నీలం పొడి గట్టు మీద రాలింది. మనవరాలు కింద కూర్చుని ఆ పొడిలో వేలు పెట్టి ఆడుకుంటోంది.

అదే వేళకు అంగన్‌వాడీ టీచరు వచ్చింది. కోడలిని చూడగానే, "ఆపమ్మా! ముందు పాపను ఎత్తుకుని బయటికి రా" అంది. ఇద్దరికీ సబ్బుతో చేతులు కడిగించింది. పాప మొహం కడిగించింది. తర్వాత కూర్చుని చెప్పింది.

పాత ఆయిల్ రంగుల్లో సీసం కలిపేవారు. సీసం ఒక లోహం. మన ఒంటికి విషం. రంగు గీకితే అది ధూళిగా లేస్తుంది. ఊపిరితో లోపలికి పోతుంది. చేతికి అంటి నోట్లోకి పోతుంది.

చిన్నపిల్లలకు ఎక్కువ ప్రమాదం. వాళ్లు అన్నీ నోట్లో పెట్టుకుంటారు. పెద్దవాళ్ల ఒంటి కంటే వాళ్ల ఒళ్లు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పిల్లలు చదువులో వెనకబడతారు. రక్తం తగ్గుతుంది. గర్భిణి ఒంట్లో చేరితే కడుపులో బిడ్డకూ చేరుతుంది. ఇంత ఉంటే పరవాలేదు అనే కొలత సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

"మరి పాప బాగానే ఉంది కదక్కా?" అని కోడలు భయంగా అడిగింది.

"పైకి ఏమీ కనబడదు. రక్త పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఒకసారి డాక్టరుకు చెప్పి అడుగుదాం. నువ్వు బెంగ పడొద్దు. ఇక ముందు జాగ్రత్త పడదాం" అంది టీచరు.

కిటికీ దగ్గరే ఈ ప్రమాదం ఎక్కువ. ఎందుకు? కిటికీ రెక్కను రోజూ తీస్తాం, వేస్తాం. రెక్క చట్రానికి రాసుకుంటుంది. రంగు పొడి రాలి గట్టు మీద పడుతుంది. పసిపిల్లలు గట్టు పట్టుకునే నిలబడతారు. గట్టు అంచును కొరుకుతారు.

అన్ని పాత రంగుల్లోనూ సీసం ఉందని కాదు. కానీ కంటితో చూసి చెప్పలేం. కాబట్టి ఉందనే అనుకోవాలి. గోడకు వేసే తెల్ల సున్నంతో ఈ భయం లేదు. భయమంతా తలుపులకు, కిటికీలకు, ఊచలకు వేసే పాత ఆయిల్ రంగుతోనే.

మన దేశంలో 2016లో ప్రభుత్వం ఒక నియమం చేసింది. ఇళ్లకు వేసే రంగులో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదు. ఈ నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. ఆ సంగతి డబ్బా మీద కూడా రాయాలి. కొనేటప్పుడు డబ్బా తిప్పి చూడండి. 90 అనే అంకె కోసం వెతకండి. చదువు నేర్చుకున్నది ఇందుకే కదా.

పాత రంగును ఏం చేయాలి?

రంగు గట్టిగా అంటుకుని ఉంటే గీకవద్దు. దాన్ని అట్లాగే ఉంచి, మీద కొత్త రంగు వేయండి. ఇక్కడ కప్పడమే మంచిది. గమనించండి. నీళ్లను కప్పకూడదు. గట్టిగా ఉన్న పాత రంగును కప్పవచ్చు.

రంగు పెచ్చులు లేస్తుంటే ఆ పెచ్చుల వరకే తీయాలి. అదీ తడిపి తీయాలి. ఆ ఇంట్లో కొడుకు ఈ పని చేశాడు. ఎట్లా చేశాడో చూడండి.

భార్యను, పాపను పక్కింట్లో ఉంచాడు. గదిలోని గుడ్డలు, గిన్నెలు, తిండి సామాను బయట పెట్టాడు. కిటికీ కింద ప్లాస్టిక్ పట్టా పరిచాడు. రంగును నీళ్లతో బాగా తడిపాడు. నీళ్లలో రుద్దే ఉప్పు కాగితం కొట్లో అడిగి తెచ్చాడు. తడి ఆరకుండా మళ్లీ మళ్లీ తడుపుతూ రుద్దాడు. పొడి లేవలేదు. నోటికి గుడ్డ కట్టుకున్నా సన్నటి ధూళి ఆగదు. ధూళి లేవకుండా చూడడమే అసలు ఉపాయం.

పని అయ్యాక గట్టునూ నేలనూ తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాడు. చీపురు వాడలేదు. చీపురుతో ఊడిస్తే ధూళి లేస్తుంది. ఆ చెత్తనూ తుడిచిన గుడ్డలనూ సంచిలో వేసి మూతి కట్టాడు. చెత్త బండిలో విడిగా ఇచ్చాడు. స్నానం చేసి, బట్టలు విడిగా ఉతికాడు. ఆ తర్వాతే పాపను ఎత్తుకున్నాడు.

రంగును మంట పెట్టి కాల్చవద్దు. రంగు వేసిన పాత చెక్కను పొయ్యిలో పెట్టవద్దు. ఆ పొగ కూడా విషమే.

ఏం పరచాలి?

గట్టు మీద వేయడానికి చాలా ఉన్నాయి. మీ గోడను బట్టి, మీ చేతిలో డబ్బును బట్టి ఎంచుకోండి.

సిమెంటు పూత: ఇటుక గోడకు బాగుంటుంది. ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు జల్లించిన ఇసుక. నీళ్లు పోసి కలిపాక అరగంటలో వాడేయాలి. పూసిన తర్వాత ఏడు రోజులు తడపాలి. తడపకపోతే పగులుతుంది. సిమెంటు చేతుల్ని కొరుకుతుంది. చేతికి తొడుగు వేసుకోండి. అంటితే వెంటనే కడుక్కోండి.

సున్నపు గార: మట్టి పెట్టి కట్టిన గోడకు ఇది మేలు. ఒక పాలు తడిసిన సున్నం, మూడు పాళ్లు ఇసుక. మట్టి గోడ చెమ్మకు కాస్త ఉబ్బుతుంది, ఆరితే తగ్గుతుంది. సిమెంటు బిగుసుకుని ఉంటుంది. గోడతో పాటు కదలదు. లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. అందుకే ఆ ఇంట్లో మొదటి పూత పగిలింది. సున్నపు గార చెమ్మను బయటికి పోనిస్తుంది. రాతి సున్నం నీళ్లలో వేస్తే సలసల కాగుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

బండ: కడప నల్ల బండ ఉంది. నంద్యాల జిల్లా బేతంచెర్ల బండ ఉంది. వికారాబాద్ జిల్లా తాండూరు బండ ఉంది. ఇవన్నీ సున్నపురాయి జాతివే. చాలాకాలం మన్నుతాయి. కానీ పులుపు వీటికి పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ పడుతుంది. పాయఖానా కడిగే యాసిడ్‌తో తుడిస్తే మెరుపు పోతుంది. మామూలు నీళ్లతో తుడిస్తే చాలు.

చెక్క: చెక్క గట్టు బాగుంటే మార్చనక్కర లేదు. చిన్న చిన్న గుంటలకు లప్పం పెట్టి, ఆరాక రెండుసార్లు రంగు వేస్తే చాలు.

టేపు పట్టుకున్న అత్త

అత్త టేపు తీసింది. గట్టు పొడవు 3 అడుగులు. లోతు 11 అంగుళాలు. బండ గోడ కంటే 1 అంగుళం ముందుకు రావాలి. 11, 1 కలిపితే 12 అంగుళాలు. అంటే 1 అడుగు. 3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు. మొత్తం 3 చదరపు అడుగులు. అత్త పలక మీద రాసుకుంది.

కొట్లో చీటీ ఇచ్చారు. అందులో 4 అడుగులు అని ఉంది. లెక్క కోసం అడుగు ధర 60 రూపాయలు అనుకుందాం. 3 అడుగులకు 180 రూపాయలు. చీటీలో 240 ఉంది. అత్త అడిగింది.

"అన్నా, నా కిటికీకి 3 అడుగులే. 4 ఎందుకు రాశావు?"

"పెద్ద బండలో కోసి ఇస్తాం కదమ్మా. కోత తరుగు."

"అయితే ఆ తరుగు ముక్కకు నేనే డబ్బిస్తున్నాను. ఆ ముక్క నాదే."

కొట్టాయన నవ్వాడు. ముక్క ఇచ్చేశాడు. ఇప్పుడు అది వాళ్ల ఇంట్లో నీళ్ల కుండ కింద ఉంది.

బండ పరిచిన రోజు

ప్లాస్టిక్ కాగితం అడుగున బొట్లు లేవు. గోడ ఆరింది. మేస్త్రి వదులు మట్టి తీసి, గట్టును కొద్దిగా తడిపాడు. అంగుళం మందాన సున్నపు గార పరిచాడు. మీద బండ పెట్టి చెక్కతో మెల్లగా కొట్టాడు. తట్టి చూశాడు. ఎక్కడా డొల్ల లేదు. డొల్ల ఉంటే బరువు పడ్డప్పుడు బండ పగులుతుంది.

బండ అంచు పదునుగా ఉంది. పాప తల సరిగ్గా అంత ఎత్తులోనే ఉంటుంది. అత్త చెప్పి అంచును గుండ్రంగా రుద్దించింది. కిటికీ కింద ఉన్న ట్రంకు పెట్టెను పక్కకు జరిపించింది. పెట్టె ఎక్కితే పాప కిటికీ ఎక్కుతుంది.

వానాకాలం వచ్చింది. మొదటి పెద్ద వాన రాత్రి కురిసింది. తెల్లవారి అత్త లేచి ముందు గట్టు మీద చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. సంఘం లెక్కల పుస్తకం రాత్రంతా అక్కడే ఉంది. ఒక్క కాగితం తడవలేదు.

గుర్తుంచుకుందాం

ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి.
గోడ ఆరాకే ఏదైనా పరచాలి.
పాత ఆయిల్ రంగును పొడిగా గీకకూడదు, కాల్చకూడదు.
రంగు పని జరిగేటప్పుడు గర్భిణులు, పిల్లలు ఆ ఇంట్లో ఉండకూడదు.
కొలత మనం వేసుకోవాలి. చీటీ మనం చదువుకోవాలి.

లెక్క వేద్దాం

ఒక గట్టు పొడవు 4 అడుగులు. వెడల్పు 9 అంగుళాలు. ఎన్ని చదరపు అడుగుల బండ కావాలి?

ఇట్లా చేయండి. 4 అడుగులు అంటే 48 అంగుళాలు. 48ని 9తో గుణిస్తే 432. ఒక చదరపు అడుగుకు 144 చదరపు అంగుళాలు. 432ని 144తో భాగించండి. ఎంత వచ్చింది? 3 వస్తే మీ లెక్క సరే. ఇప్పుడు మీ ఇంటి గట్టు కొలిచి రాయండి.

మాట్లాడుకుందాం

మీ ఇంట్లో దేనినైనా బాగుచేయకుండా కప్పి పెట్టారా? తర్వాత ఏమైంది?
మీ ఇంటి కిటికీ రంగు ఎప్పటిది? దాని దగ్గర ఎవరు ఆడుకుంటారు?
ఇంటి మరమ్మతు ఖర్చు మీ ఇంట్లో ఎవరు నిర్ణయిస్తారు? కొలత ఎవరు వేస్తారు?